నాన్నగారితో కలిసి రెడ్ స్పెషల్ ప్రతి: అయిదు నెలల పని డైరీ

మార్చి 9

క్వీన్ అనే రాక్ సంగీత బృందపు గిటారు వాద్యకారుడు బ్రయన్ మే 1963 ఆగస్టులో, తనకు పదహారేళ్ళప్పుడు, తండ్రి హెరాల్డ్ మేతో కలిసి ఇంట్లోనే ఒక ఎలక్ట్రిక్ గిటారు తయారు చేయడం మొదలుపెట్టారు. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ కొనే స్తోమత ఆ ఇంటికి లేదు. విమానయాన మంత్రిత్వ శాఖలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుగా పనిచేసిన హెరాల్డ్‌కు మాత్రం ఏ వస్తువునైనా చేత్తో చేసుకోగల నేర్పు ఉంది. మొత్తం ఖర్చు దాదాపు 8 పౌండ్లని, పని దాదాపు రెండేళ్ళు సాగిందని బ్రయన్ తరువాత చెప్పారు. క్వీన్ బృందంతో ఆయన చేసిన ప్రయాణమంతా ఆ గిటారు ఆయన భుజానే ఉంది. 2002 జూన్ 3న బకింగ్‌హామ్ రాజప్రాసాదం పైకప్పు మీద నిలబడి బ్రిటన్ జాతీయ గీతాన్ని వాయించినప్పుడు చేతిలో ఉన్నదీ అదే. దాని పేరు రెడ్ స్పెషల్.

బ్రయన్ పెరిగిన ఫెల్తమ్ లండన్‌కు పడమటి కొసన ఉంది. మేము ఉంటున్నది ఆ పక్కనే, హౌన్‌స్లో దగ్గర. పన్నెండేళ్ళుగా ఆ ఊరి మీదుగా ఉద్యోగానికి వెళ్ళివస్తూ, ఈ గిటారుకు ఒక ప్రతిని నా చేతులతో చేయాలని అనుకుంటూ వాయిదా వేశాను. విజయనగరం నుంచి నాన్నగారు మా దగ్గర అయిదు నెలలు ఉండడానికి నిన్న వచ్చారు. ఆయన ముప్పై నాలుగేళ్ళు లేత్ యంత్రం మీద పనిచేసి పదవీ విరమణ చేసిన టర్నరు. గిటారు బొమ్మలు, కొలతలు చూపించగానే ఆయన చూపు చెక్క మీద గాని రంగు మీద గాని ఆగలేదు. తీగల వెనుక చివర ఉన్న ట్రెమలో యంత్రం మీదే, అంటే చేతితో నొక్కితే తీగలను వదులు చేసి స్వరాన్ని దించే అమరిక మీదే ఆగింది. "ఇది చేయగలిగితే మిగతాదంతా వడ్రంగం పనే" అన్నారు.

మార్చి 17

ఏది ఏ మేరకు అనుకరించాలో ముందే తేల్చుకున్నాము. 1980లలో గిల్డ్ సంస్థ, ఆ తరువాత బర్న్స్ సంస్థ ఈ గిటారుకు ప్రతులు తయారు చేసి అమ్మాయి. నేడు బ్రయన్ మే పేరుతోనే నడిచే సంస్థ అమ్ముతున్నది. ఆస్ట్రేలియాకు చెందిన వాద్య నిర్మాత గ్రెగ్ ఫ్రయర్ అతి సూక్ష్మమైన కొలతలతో మూడు ప్రతులు చేసి, 1998లో అసలు గిటారుకు మరమ్మతు కూడా చేశారు. అంతటి నిర్దుష్టత మాకు సాధ్యం కాదు, మాకు కావలసిందీ అది కాదు. ఆ తండ్రీకొడుకులు ప్రతి చోటా ఒక కారణంతో నిర్ణయం తీసుకున్నారని నా నమ్మకం. ఆ కారణం మాకు బోధపడిన చోట దాన్ని పాటిస్తాము, బోధపడని చోట అర్థమయ్యేదాకా ఆగుతాము.

పాత సామానుతో చేసిన గిటారు అని దీని గురించి అందరూ ముచ్చటగా చెబుతారు. మెడకు వాడిన మహోగని ఒక పాత ఫైర్‌ప్లేసు చట్రం నుంచి వచ్చింది. అందులో పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. ఒంటి నడుమ భాగానికి పాత బల్ల ఓక్ చెక్క, మెట్ల పలక మీది గుర్తులకు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు, ట్రెమలోకు పాత మోటారుసైకిలు వాల్వు స్ప్రింగులు, ట్రెమలో చేతికి సైకిలు సంచిని మోసే కడ్డీ, దాని కొసకు ఊలు అల్లే సూది ముక్క వాడారు. ఇవన్నీ నిజాలే. అయితే ఈ జాబితాను పేదరికపు కథగా మాత్రమే చదివితే అసలు విషయం జారిపోతుంది. వందేళ్ళు ఇంట్లో ఎండిన మహోగని ఇక వంకర తిరగదు. వాల్వు స్ప్రింగు లక్షల సార్లు నలిగినా బలం కోల్పోకుండా ఉండడానికే తయారైన వస్తువు. దొరికిన వాటిలో నుంచి పనికి తగినదాన్ని ఏరుకునే కన్ను వారికి ఉంది.

మార్చి 30

మెడకు చెక్క దొరికింది. పాత సామాను అంగడిలో, భోజనబల్లను పొడిగించడానికి మధ్యలో అమర్చే మహోగని పలక ఒకటి 27 మిల్లీమీటర్ల మందంతో కనిపించింది. పెద్దాకు మహోగని అంతర్జాతీయ వ్యాపారంపై 2003 నుంచి నియంత్రణ ఉంది. కాబట్టి కొత్త చెక్క కోసం వెతకడం కంటే పాత సామానును వాడుకోవడమే సబబు. పలకకు చిత్రిక పట్టగానే లోపలి ఎరుపు బయటపడింది.

రెడ్ స్పెషల్ మెడ మామూలు గిటార్ల మెడ కంటే బాగా లావుగా, వెడల్పుగా ఉంటుంది. తీగ పొడవు 24 అంగుళాలు, అంటే 609.6 మిల్లీమీటర్లు. మెట్లు 24. సరస్వతీ వీణకు కూడా 24 మెట్లే ఉంటాయని నాన్నగారు వెంటనే గుర్తు చేశారు. బొబ్బిలిలో పనస మానుతో వీణలు చేసేవారి పనిని ఆయన చిన్నప్పటి నుంచి చూశారు. వీణకు మెట్లను మైనం మీద నిలిపి, చెవితో వింటూ అటూ ఇటూ జరిపి స్థానం తేలుస్తారు. గిటారుకు ఆ వెసులుబాటు లేదు, రంపపు కోత పడితే పడినట్లే. ప్రతి మెట్టు స్థానాన్ని లెక్క కట్టాలి. మిగిలిన తీగ పొడవును 17.817తో భాగిస్తే తరువాతి మెట్టు దూరం వస్తుంది. మొదటి మెట్టు 34.21 మిల్లీమీటర్ల వద్ద, పన్నెండవది సరిగ్గా సగంలో 304.8 వద్ద, ఇరవై నాలుగవది 457.2 వద్ద పడతాయి.

నేను ఒక మెట్టు నుంచి తరువాతి మెట్టుకు దూరం కొలుచుకుంటూ పోతుంటే నాన్నగారు ఆపారు. ఒక్కొక్క కొలతలో పదో వంతు మిల్లీమీటరు తేడా వచ్చినా, ఇరవై నాలుగో మెట్టు చేరేసరికి తప్పులన్నీ పోగవుతాయి. ఉక్కు స్కేలును ఒక్క చోట బిగించి, అన్ని కొలతలనూ మొదటి కొస నుంచే తీసుకున్నాము.

ఏప్రిల్ 13

మెట్ల పలక ఓక్ చెక్కతో చేశాము. అసలు గిటారుకు కూడా ఓక్ పలకనే వాడి, నల్లరంగు వేసి, మీద గట్టి పూత పూశారు. మెట్లు కొట్టడం ఒక్క పూటలో పూర్తయింది. ఏడవ మెట్టు వద్ద రెండు, పన్నెండవ మెట్టు వద్ద మూడు చొప్పున ముత్యపుచిప్ప గుర్తులు పెట్టడం కూడా అసలు గిటారు పద్ధతే. గుండీలు మా అమ్మ విజయనగరం నుంచి తన పాత రవికలవి పంపింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన అమరిక ఉంది. తీగలు తల దగ్గర నట్టు మీద, అంటే తీగల కోసం గాళ్ళు కోసిన చిన్న అడ్డకమ్మి మీద ఆనవు. దాని ముందు ఉన్న సున్నా మెట్టు మీద ఆనుతాయి. నట్టు తీగల మధ్య ఎడాన్ని నిలపడానికే ఉంటుంది. తల భాగం వెనక్కు చాలా తక్కువగా వాలి ఉంటుంది, తీగలు దాదాపు తిన్నగా బిరడల దాకా పోతాయి. ఈ మూడూ ఒకే కారణంతో చేసినవి. ట్రెమలో చేతిని నొక్కినప్పుడు తీగ కొంత వదులై నట్టు మీదుగా జారుతుంది, వదిలినప్పుడు తిరిగి జారి తన చోటికి రావాలి. దారిలో ఎక్కడ రాపిడి ఉంటే అక్కడ చిక్కుకుని అపశ్రుతి మిగులుతుంది. తల నుంచి తోక దాకా ఈ గిటారు రూపకల్పన అంతా రాపిడితో చేసిన పోరాటమని నాకు ఈ వారమే అర్థమైంది.

మే 4

ఒంటి పని పూర్తయింది. నడుమ ఓక్, చుట్టూ చెక్క ముక్కలను అతికి చేసిన పలక, పైనా కిందా పలచని మహోగని పొర. లోపల కొంత భాగం బోలుగా ఉంటుంది. పెద్ద శబ్దంలో యాంప్లిఫయర్ ముందు నిలబడినప్పుడు గిటారు తనంతట తాను స్వరంతో స్పందించాలని బ్రయన్ కోరుకున్నారు. ఆ బోలుతనం అందుకే. పై భాగంలో వయొలిన్‌కు ఉన్నట్లు ఒక రంధ్రం కోయాలని అనుకుని చివరకు కోయలేదు. మేమూ కోయలేదు.

మే 18 నుంచి జూన్ 22 వరకు

ఈ అయిదు వారాలూ ట్రెమలోకే సరిపోయాయి. రాసుకోవలసింది చాలా ఉంది.

అసలు గిటారులో ఈ యంత్రం గట్టిపరచిన ఉక్కు చాకు అంచు మీద ఊగుతుంది. తీగలు పై నుంచి ఒక వైపుకు లాగుతుంటే, 1928 నాటి ప్యాంథర్ మోటారుసైకిలు వాల్వు స్ప్రింగులు రెండు కింద నుంచి ఆ లాగుడును నిలవరిస్తాయి. తరాజు ముల్లు ఎలా ఒక సన్నని అంచు మీద ఊగుతుందో ఇదీ అంతే. తూనిక యంత్రాలకు చాకు అంచు వాడేది రాపిడి లేకుండా ఊగి, బరువు తీయగానే సరిగ్గా మునుపటి చోటికి రావడానికి. కుర్రవాడికి తరాజు సూత్రాన్ని గిటారులో పెట్టాలని తోచడం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఆశ్చర్యమే.

ముందు లెక్క వేశాము. మేము వాడే సన్న తీగలు ఆరూ శ్రుతి చేసినప్పుడు కలిసి దాదాపు 33 కిలోల బలంతో లాగుతాయి. మా ఊగుపలకలో తీగలు చాకు అంచుకు 12 మిల్లీమీటర్ల పైన, స్ప్రింగులు 24 మిల్లీమీటర్ల కింద ఉన్నాయి. కాబట్టి స్ప్రింగులు రెండూ కలిసి 16.5 కిలోలు, ఒక్కొక్కటి ఎనిమిది కిలోల పైచిలుకు మోయాలి. మొదట తెప్పించిన వాల్వు స్ప్రింగులను వంటింటి త్రాసు మీద నొక్కి చూస్తే, ఒక మిల్లీమీటరు కుదించడానికే నాలుగు కిలోలు పట్టింది. బిగించి చూస్తే ట్రెమలో చేయి కదలనే లేదు. అమ్మిన వారు చెప్పిన కొలతకు, వచ్చిన సరుకుకు పొంతన లేదు. రెండవసారి మిల్లీమీటరుకు ఒక కిలో చొప్పున కుదిరే మెత్తని స్ప్రింగులు వెతికి తెచ్చాము. ఎనిమిది మిల్లీమీటర్లు కుదించి బిగించగానే పలక సమంగా నిలబడింది.

చాకు అంచును నేను మెత్తని ఉక్కు పట్టీతో చేసి, ఊగుపలకలో దానికి సరిపోయే గాడిని అదే కోణంలో కోశాను. రెండూ ఒకదానిలో ఒకటి అచ్చంగా కూర్చుంటే మంచిదని అనుకున్నాను. అదే పొరపాటు. చేయి నొక్కి వదిలిన ప్రతిసారీ తీగలు ఇరవై సెంట్ల దాకా దిగువన ఆగిపోయేవి. ఒక అర్ధస్వరానికి వంద సెంట్లు. ఇరవై సెంట్ల తేడా ఎవరి చెవికైనా తెలుస్తుంది. నాన్నగారు అంచుకు నీలి మార్కింగ్ రంగు పలచగా పూసి, పలకను ఒక్కసారి ఊపి తీశారు. గాడి గోడలు రెండింటికీ రంగు అంటుకుని ఉంది. అంటే అంచు ఊగడం లేదు, గాడి గోడలకు రాసుకుంటున్నది. "తరాజులో ముల్లు కూర్చోదురా, ఆనుతుంది" అన్నారు. అంచును 60 డిగ్రీలకు సన్నం చేసి, గాడిని 90 డిగ్రీలకు వెడల్పు చేశాము. మళ్ళీ రంగు పూసి చూస్తే గాడి అడుగున ఒకే ఒక సన్నని నీలి గీత మిగిలింది.

తేడా అయిదు సెంట్లకు తగ్గింది. మూడు రోజులకే మళ్ళీ పన్నెండుకు పెరిగింది. భూతద్దంలో చూస్తే అంచు కొస నలిగి, చదునుగా మెరుస్తున్నది. అంత బలాన్ని ఒక వెంట్రుక మందం గీత మీద మోయమంటే మెత్తని ఉక్కు ఎలా నిలుస్తుంది? అసలు గిటారులో గట్టిపరచిన ఉక్కు ఎందుకు వాడారో మాకు ఇలా తెలిసింది.

పై పొరను గట్టిపరచే పని నాన్నగారిదే. తోటలో ఇటుకలు పేర్చి, గ్యాస్ టార్చితో అంచును ఎర్రగా కాల్చి, కార్బన్ పొడిలో అద్ది, మళ్ళీ కాల్చారు. ఇలా నాలుగుసార్లు చేశారు. ఉష్ణోగ్రతను ఆయన రంగుతోనే అంచనా వేస్తారు. దొండపండు రంగు దాటి కాస్త నారింజకు తిరిగే క్షణం కోసం, వెలుతురు తగ్గిన సాయంత్రం దాకా ఆగారు. ఎండలో చూస్తే ఎరుపు తెలియదట. చివరిసారి కాల్చి నీళ్ళలో ముంచేటప్పుడు పట్టీని నిట్టనిలువుగా దించారు. పక్కవాటుగా ముంచితే ఒక వైపు ముందుగా చల్లారి వంకర పోతుందని అప్పుడు చెప్పారు. ఆరిన తరువాత ఆకురాయితో గీశాను. ఆకురాయి గాజు మీద జారినట్లు జారిపోయింది. లోపలి ఉక్కు మెత్తగానే ఉంటుంది కాబట్టి దెబ్బకు విరగదు, పై పొర అరగదు.

గాడినీ అలాగే గట్టిపరచి బిగించాము. అప్పటి నుంచి తేడా మూడు సెంట్లు దాటలేదు. మిగిలిన ఆ మూడు ఎక్కడివో తేలలేదు.

ఈ రోజులలో నాన్నగారు నాతో మాట్లాడినన్ని మాటలు నా చదువు రోజులలో మాట్లాడిన గుర్తు లేదు. అన్నీ ఉక్కు గురించే.

జూన్ 29

ఒంటి మీద తీగలు ఆనే బ్రిడ్జి మీద తీగకొక్క చిన్న ఉక్కు చక్రం పెట్టాము. అసలు గిటారులోనూ బ్రయన్ చేత్తో చేసిన చక్రాలే ఉన్నాయి. తీగ జారకుండా చక్రం మీద దొర్లుతుంది. నాన్నగారికి దగ్గరలో లేత్ లేని లోటు ఈ పనిలోనే తెలిసింది. డ్రిల్లు యంత్రానికి కడ్డీ బిగించి, ఆకురాయి ఆనించి ఆరింటినీ తీర్చారు.

జూలై 13

పికప్పులు, అంటే తీగల కంపనాన్ని విద్యుత్తుగా మార్చేవి. బ్రయన్ మొదట గుండ్రని అయస్కాంతాల చుట్టూ రాగి తీగ చుట్టి తానే పికప్పులు చేసుకున్నారు. అయితే వాటి ధ్రువాలు ఒకటి ఉత్తరం, పక్కది దక్షిణం చొప్పున మారుతూ ఉండడంతో, తీగను పక్కకు వంచి వాయించినప్పుడు వచ్చిన ధ్వని ఆయనకు నచ్చలేదు. వంచిన తీగ ఒక ధ్రువం మీద నుంచి దాని వ్యతిరేక ధ్రువం మీదకు పోతుంది కదా. తరువాత బర్న్స్ వారి ట్రై-సోనిక్ పికప్పులు మూడు కొని, వాటి లోపల అరాల్డైట్ జిగురు పోసి గట్టిపరిచారు.

ఆ జిగురు ఎందుకో తెలుసుకోవడానికి మేము తెచ్చిన ట్రై-సోనిక్‌లను ముందు ఉన్నవి ఉన్నట్లే బిగించాము. మూడింటి నిరోధం 6.9, 7.1, 6.8 కిలో ఓములు. పికప్పు రేకును స్క్రూడ్రైవరుతో తట్టితే యాంప్లిఫయర్‌లో ఆ చప్పుడు వినిపించింది, శబ్దం పెంచగానే చెవులు చిల్లులు పడే కీచుమోత మొదలైంది. లోపలి తీగచుట్ట వదులుగా ఉండి, పైకప్పు రేకుతో పాటు కంపిస్తున్నది. అది తీగల స్వరం కాదు, చెక్కు చెదరని పదార్థం ఏదైనా పోసి ఆపవలసిన వణుకు. నిదానంగా గట్టిపడే ఎపాక్సీని కాస్త వేడి చేసి, పలచబరచి, గాలి బుడగలు పోయేలా పోసి ఒక రాత్రి వదిలేశాము. మర్నాడు కీచుమోత లేదు, నిండైన స్వరం మాత్రం తిరిగి తీగల మీదకు వస్తూ నిలబడింది. బ్రయన్ కోరుకున్న స్పందన బోలు చెక్కది, వదులు రేకుది కాదు.

జూలై 20

విద్యుత్ తీగల అల్లిక. పికప్పుకు రెండు చొప్పున ఆరు జారుడు స్విచ్చులు. ఒకటి ఆ పికప్పును కలపడానికీ తీసేయడానికీ, రెండవది దాని దశను తిరగవేయడానికి, అంటే దాని తరంగాన్ని తలకిందులు చేయడానికి. ధ్వనికి ఒకటి, స్వరపు పదునుకు ఒకటి, మొత్తం రెండే తిప్పుడు మీటలు. సాధారణంగా ఎలక్ట్రిక్ గిటార్లలో పికప్పులను సమాంతరంగా కలుపుతారు. ఇక్కడ శ్రేణిలో కలిపారు. మూడూ కలిపినప్పుడు మీటరు 20.8 కిలో ఓములు చూపింది, ధ్వని బలిష్ఠంగా, నిండుగా ఉంది. రెండు పికప్పులను కలిపి ఒకదాని దశను తిరగవేస్తే రెండింటికీ ఉమ్మడిగా ఉన్న మందర ధ్వని ఒకదాన్నొకటి చెరిపేసుకుంటుంది. రెండూ తీగను వేర్వేరు చోట్ల వింటున్నాయి కాబట్టి పై స్వరాంశాలు మాత్రం మిగిలి, సన్నగా, ఏడుస్తున్నట్లు పలుకుతుంది. ఇన్ని కలయికలను వేదిక మీద ఒక్క వేలితో మార్చుకోవచ్చు. టంకం పని రెండు సాయంత్రాలు పట్టింది. ఒక స్విచ్చుకు టంకం సరిగా అంటక, దాన్ని వెతకడానికి మూడో సాయంత్రం పోయింది.

జూలై 31

రంగు పూయక ముందే తీగలు మళ్ళీ ఎక్కించి వాయించి చూశాము. పూత తరువాత తప్పు తేలితే అంతా గీకవలసి వస్తుంది.

బ్రయన్ ప్లాస్టిక్ ముక్కతో కాకుండా ఆరు పెన్నీల నాణెంతో మీటుతారు. 1980లో చలామణీ నుంచి తొలగిన నాణెం అది. అంచున సన్నని గాట్లు ఉంటాయి. కోణం మార్చి మీటితే ఆ గాట్లు తీగను గీరి, ప్రతి స్వరం ముందు ఒక చిన్న గరుకు అక్షరంలా పలుకుతుంది. నాణేల అంగడిలో నాలుగు కొన్నాను. నాన్నగారు ఒకటి తీసుకుని, వీణ మీటినట్లు లావు తీగను ఒక్కసారి మీటి, చెవి దగ్గర పెట్టుకుని అది ఆగేదాకా విన్నారు. యాంప్లిఫయర్‌కు కలపనే లేదు.

ఆగస్టు 3

మిగిలిన మూడు సెంట్ల సంగతి తేలింది. ఆరు తీగలనూ విడివిడిగా పరీక్షించాము. చేతిని పూర్తిగా నొక్కి, తీగలు వేలాడేదాకా వదిలి, మళ్ళీ పైకి తెచ్చి శ్రుతి యంత్రంలో చూశాము. ఒక్కొక్క తీగకు పదేసి సార్లు చేశాము. అయిదు తీగలు ఒక సెంటు లోపలే తిరిగివచ్చాయి. మూడవ తీగ ఒక్కటే మూడు సెంట్లు ఎగువన ఆగుతున్నది. చాకు అంచు తప్పయితే ఆరూ తప్పాలి. కాబట్టి లోపం తల వైపే ఉంది. నట్టులో ఆ తీగ గాడిని నేను ఇరుకుగా కోశాను. ఎగువన ఆగడానికి కారణం కూడా అదే. వదులైన తీగ బిరడ వైపు జారి, తిరిగి రాలేక ఆగిపోతున్నది. నాన్నగారు ఉప్పుకాగితాన్ని సన్నగా మడిచి గాడిలో పన్నెండుసార్లు లాగారు. ఇప్పుడు అదీ ఒక సెంటు లోపలే వస్తున్నది.

ఆగస్టు 10

నిన్న నాన్నగారిని విమానం ఎక్కించి వచ్చాను. చేతి సంచిలో ఆయన పాత వెర్నియర్ కాలిపరును పెట్టుకుంటుంటే తనిఖీలో ఆపుతారేమోనని వద్దన్నాను. దాన్ని నా బల్ల మీద వదిలి వెళ్ళారు.

ఈ ఉదయం తీగలన్నీ విప్పి, ఒంటికి ఎర్రటి మహోగని రంగు మొదటి వరస పూశాను. దాని మీద గట్టి ప్లాస్టిక్ పూత పన్నెండు వరసలు పడాలి. వరసకూ వరసకూ మధ్య ఒక రోజు ఆరాలి, మూడు వరసలకొకసారి నీటి ఉప్పుకాగితంతో నునుపు చేయాలి. చాకు అంచును నూనె గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాను. సాయంత్రం విజయనగరం నుంచి ఫోను వచ్చింది. ప్రయాణం గురించి రెండు ముక్కలు చెప్పి, గాడిలో నూనె వేయవద్దని, దుమ్ము పట్టుకుంటుందని, గ్రాఫైటు పొడి చాలని నాన్నగారు చెప్పారు. డబ్బా తెరిచి, గుడ్డతో నూనె తుడిచేశాను.